తామూ వేలి మీది వానకోయిలలు

ఈ కథ నాకు మొదట చెప్పింది బూష్తా. మా ఊరు సెఫ్రూ బస్టాండులో "మిడెల్త్, మిడెల్త్!" అని ఆ ఊరి బస్సుకి జనాన్ని పిలుస్తూ గొంతు చించుకునే బూష్తాయే. ఆ రోజు అక్కడే నిలబడి కళ్ళారా చూసినవాడు. కాఫీ కొట్లలో తిరిగే మిగతా కథలన్నీ ఎవరో అంటే ఇంకెవరో అల్లినవి. వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

బస్సుల సంఘానికి ఒక పాత వెబ్‌సైట్ ఉండేది. బస్సుల వేళలు చూపించడం, టిక్కెట్లు అమ్మడం, బస్సు కదిలే ముందు జనం ఫోన్లకు "ఇక రండి" అని కబురు పంపడం, అన్నీ దాని పనే. అది నడిచే సర్వర్ టిక్కెట్ల గది వెనక ఒక తివాచీ ముక్క మీద ఉండేది. పొద్దున్నే దాన్ని చూసుకునే తామూ వచ్చి తాళం తీసేది. సర్వర్ మీది దుమ్ము తుడిచి, టీకి నీళ్ళు పెట్టి, వానకోయిలలకు రొట్టె చిదిమేది. ఎవరైనా టిక్కెట్టు కొన్నప్పుడల్లా సర్వర్ వెనక గాలి కంతలోంచి ఒక వానకోయిల బయటికొచ్చి బస్టాండు తీగ మీద వాలేది. బస్సు కదిలితే ఆ బస్సు పిట్టలు చెర్రీ తోటల మలుపు దాకా దాని మీదుగా ఎగిరి, వెనక్కొచ్చి సర్వర్ వెచ్చదనంలో పడుకునేవి. పిచ్చుకలని కొందరంటారు. కాదు. తోక చీలి ఉండే వానకోయిలలే. తామూ భుజం మీద ఎప్పుడూ ఒకటో రెండో ఉండేవి. జెల్లాబా అంగీ మీద రెట్ట తుడుచుకోవడానికి ఆమె ఒక గుడ్డ వేరే పెట్టుకునేది.

సర్వర్ ముసలిదైంది. ఫ్యాను దగ్గేది. రద్దీ రోజుల్లో మొరాయించి కూర్చునేది. సంఘం పెద్ద హాజ్ అల్లాల్ రబాత్ నుంచి నౌఫల్ అనే కుర్ర ఇంజనీరుని తెచ్చాడు.

"కొత్త సర్వర్ ఇక్కడుండదు, కాసాబ్లాంకాలో అద్దె చోటులో ఉంటుంది. అంతా అక్కడికి మార్చేది ఇతనే. రంజాన్ కోసం గడియారం గంట వెనక్కి తిరిగే ఆదివారం సవ్యంగా గడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తాం," అన్నాడు హాజ్.

"మరి నేను?" అంది తామూ.

"సంఘానికి ఉన్నది ఒక్క కుర్చీ, లల్లా."

లల్లా అని గౌరవంగానే అన్నాడు. అనడానికేం, నోటికి ఖర్చు లేదు కదా.

నౌఫల్ మర్యాదస్తుడు. అదే తామూకి మంట. తిట్టడానికి కూడా సందు ఇచ్చేవాడు కాదు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. పాతదాన్ని ఆపకుండానే, కొత్తదాంట్లో ముందు నడిపి చూసి, బాగుందనుకున్నాకే జనాన్ని అటు మళ్ళించేవాడు. వేళల పేజీలు వెళ్ళిన రోజు కొన్ని పిట్టలు సర్వర్ వెనక నుంచి లేచి నౌఫల్ బల్ల అంచు మీద వాలాయి. టిక్కెట్లు వెళ్ళిన రోజు ఇంకొన్ని అతని భుజానికే ఎక్కాయి.

"చూశావా దీన్ని!" అంది తామూ, అతని చొక్కా కాలరు పీకుతున్న పిట్టని చూపించి బూష్తాతో. "చలికాలమంతా నా రొట్టె తింది. నా భుజం మీద నిద్రపోయింది. ఇప్పుడు నా మొహం ఎరగదు."

"పిట్టే కదా లల్లా, ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికే పోతుంది."

"మా ఆయనా ఇదే అన్నాడు, అల్జదీదాలో ఆవిడ దగ్గరికి పోయేటప్పుడు."

నౌఫల్ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "లల్లా, కొత్తదాని తాళం మాట, అదే పాస్వర్డు, మీకూ ఇస్తాను. మీ ఇల్లే అనుకోండి," అన్నాడు.

"నా ఇంటి తాళం నాకే ఇస్తున్నావా ఇంజనీరు గారూ? దేవుడు నీకు మేలు చెయ్య!"

అయినా తీసుకుంది.

చివరికి కబుర్లు పంపే పని కూడా వెళ్ళిపోయింది. తామూ రొట్టె చిదిమితే అందుకునే ముక్కు లేదు. పాత సర్వర్ చల్లబడింది. ఆమెకి ఇంట్లో ముద్ద దిగేది కాదు. నౌఫల్ నవ్వు వినబడితే చేతిలో గ్లాసు ఠక్కున పెట్టేది.

ఇక ఆ ఆదివారం. ఏటా రంజాన్‌కి ముందు మా దేశంలో గడియారాలు ఒక గంట వెనక్కి పోతాయి. ఆ రోజు ఊళ్ళో సగం మంది పాత గంట, సగం మంది కొత్త గంట పట్టుకుని కూర్చుంటారు. ఎవరి గడియారాన్నీ ఎవరూ నమ్మరు. బస్సుకి మాత్రం సైటు పంపే కబురునే నమ్ముతారు. పాత సర్వర్‌కి ఏటా తామూయే తన చేత్తో గంట వెనక్కి తిప్పేది. కొత్తది తెల్లవారకముందే తనంతట తాను తిరిగేలా నౌఫల్ పెట్టాడు. ఆమెతో చెప్పలేదు. ఆమె అడగలేదు. అడిగితే చిన్నతనం.

పొద్దున్నే ఆమె సైటు తెర వంక చూసింది, తన ఫోను వంక చూసింది. రెండూ ఒకే టైము చూపించాయి. ఆ ఫోను కొత్తది, అదీ రాత్రే తనంతట తాను తిరిగిందని ఆమెకి తెలియదు, పాత గంటలోనే ఉందనుకుంది. 'తిప్పలేదు! ఇంత చదువూ చదివి రంజాన్ మరిచిపోయాడు,' అనుకుంది. గుండెల్లో పండగైంది. 'నా చెయ్యి పడకుండా రంజాన్ ఎలా వస్తుంది?' తాళం మాట కొట్టి, కుడి చూపుడు వేలితో ఇంకో గంట వెనక్కి నెట్టింది.

మధ్యాహ్నం మిడెల్త్ బస్సు దాని వేళకి అది పోయింది, సగం ఖాళీగా. పోయాక, గంట వెనకబడిన సైటు నుంచి జనం ఫోన్లకు కబురొచ్చింది: ఇక రండి. వచ్చారు. రంజాన్‌కి ముందు జరుపుకునే షబాన విందులకు వెళ్ళేవాళ్ళు. కోళ్ళ బుట్టలతో ఆడవాళ్ళు, డప్పులతో పాటగాళ్ళు.

"బస్సేది?"

"పోయింది," అన్నాడు బూష్తా.

"పోవడమేంటి? ఇప్పుడే కదా రమ్మన్నారు! నీ గొంతుకి బదులు ఆ డప్పు మోగించినా నిజం చెప్పేది!"

హాజ్ అల్లాల్ వచ్చాడు. ఏం జరిగిందో అడగలేదు. ఆయన ఎప్పుడడిగాడు గనక. "నౌఫల్, సామాను సర్దుకో," అన్నాడు.

నౌఫల్ తెల్లబోయాడు. "నేను సరిగ్గానే పెట్టాను హాజ్, ఒక్కసారి చూడనివ్వండి..."

"జనాన్ని చూడు, చాలు."

తామూ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటికి ఆమెకి అర్థమైపోయింది. నోరు మూసుకుంటే చాలు, కుర్చీ తనదే. మూసుకుంది.

అప్పుడు నౌఫల్ భుజం మీది వానకోయిల లేచింది. ఇన్ని రోజులూ ఆమె దేనికోసం కుళ్ళుకుందో అదే జరిగింది, పిట్ట ఆమె దగ్గరికే వచ్చింది. వచ్చి కుడి చూపుడు వేలి మీద వాలింది. వెనకే ఇంకోటి. వెనకే తీగ మీదివన్నీ. భుజాలు ఖాళీగా ఉన్నాయి, తల ఖాళీగా ఉంది. ఒక్కటీ అటు పోలేదు. అన్నీ ఆ ఒక్క వేలి మీదే, ఒకదాని వీపు మీద ఒకటి. చెయ్యి బరువుకి కిందికి దిగిపోయింది. కోళ్ళ బుట్ట పట్టుకున్న ఒకావిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

"గంట తిప్పింది నేను," అంది తామూ. "వాడిది తిరిగే ఉంది. మళ్ళీ నేను తిప్పాను."

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి తీగ మీదికి పోయాయి.

షెడ్డులోని ఇంకో బస్సు తీసి జనాన్ని ఎక్కించారు. తామూ కూడా ఎక్కింది, విందులు జరిగే ఇంటింటికీ వెళ్ళి ఆలస్యం తన వల్లనే అని చెప్పడానికి. నౌఫల్ పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి ఆమె రెట్ట గుడ్డ అందించాడు. పిట్టలు చెర్రీ తోటల మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాయి. ఒక్కటి మాత్రం రాలేదు.

తామూ ఇప్పుడు మిడెల్త్‌లో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది, భుజం మీద పిట్టతో. నౌఫల్ ఇక్కడే, ఆ ఒక్క కుర్చీలో ఉన్నాడు. ఏటా ఆ ఆదివారం ఫోను చేస్తాడు. "లల్లా, గంట తిరిగింది. మీరు ముట్టుకోకండి." ఆమె తిడుతుంది. నవ్వుతూనే తిడుతుంది.

బస్టాండు గోడ మీద సంఘం రాయించిన పలక మాత్రం ఇంకా అలాగే ఉంది: కొత్త సర్వర్‌కి మార్పు హాజ్ అల్లాల్ చేతుల మీదుగా జరిగిందని, ఆ ఆదివారం తప్పు ఇంజనీరుదని, దాన్ని పెద్దాయనే సరిదిద్దాడని. ఆయన చేసింది ఒక్కటే, సామాను సర్దుకోమనడం. అక్షరం బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా రంగు డబ్బా పట్టుకుని ఎక్కి, ఆ ముక్క చెరిపి రాయండి: మార్చింది నౌఫల్, తప్పు చేసింది తామూ, ఒప్పుకున్నదీ తామూయే. నిచ్చెన బూష్తా పట్టుకుంటాడు.