బొట్టు పెట్టిన ఫైలు

శ్రీకాకుళంలో ఒక పెద్దాసుపత్రి. కిడ్నీ డాక్టరు గది ముందు బెంచీ మీద ఈశ్వరి పొద్దున్న ఏడింటి నుంచీ కూర్చునే ఉంది. రాజాం దగ్గర పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చారు. పక్కన భర్త జగన్నాధం గోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. ఆమె ఒళ్లో ఫైలు, దాని అట్ట మీద పసుపు, కుంకుమ. రెండేళ్లుగా ఆ ఫైలు దేవుడి పటాల దగ్గరే ఉంటోంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు దణ్ణం పెట్టి తీస్తారు, తిరిగెళ్లి దణ్ణం పెట్టి అక్కడే ఉంచుతారు. విప్పి చూసినవాళ్లు మాత్రం లేరు. మనలో ఎందరి ఇళ్లలో ఇలాంటి ఫైళ్లు లేవు చెప్పండి!

పక్కనున్న ముసలావిడ ఆ బొట్టు చూసి నవ్వింది. పేరు మరిడమ్మ. కొడుక్కి డయాలసిస్ చేయించడానికి నౌపడ నుంచి వచ్చింది.

"ఏటమ్మీ, కాయితాలకి పూజ సేస్తన్నావేటి? లోపలేటుందో సూసినావా?"

"నాకేటి తెలుస్తాది అప్పా? అంతా ఇంగిలీసు. డాక్టరుబాబు సూసుకుంతాడు."

"నానూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా కొడుకు వారానికి మూడుసార్లు ఆ మిషను కాడ పడుకుంతన్నాడు."

మరిడమ్మ సంచీలోంచి పాత క్యాలెండరు కాగితాలు తీసింది. వాటి వెనక పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. వచ్చినప్పుడల్లా నర్సును ఒక్క మాటకు అర్థం అడిగి రాసుకుంటుందట.

"ఇను. క్రియాటినిన్. అంటే రక్తంలో సెత్త. కిడ్నీ వడగట్టనేకపోతే పెరుగుతాది. పెయిన్ కిల్లర్. అంటే కొట్లో ఇచ్చే నొప్పి బిళ్ల. కిడ్నీ జబ్బోళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు."

ఈశ్వరి కునికే భర్త వైపు చూసింది. పోయినసారి డాక్టరు "పెయిన్ కిల్లర్స్ వాడకండి" అనే చెప్పాడు. పెద్ద డాక్టరు ముందు తెలియదనడం మర్యాద కాదని ఇద్దరూ తల ఊపారు. ఇంటికెళ్లాక జగన్నాధం మోకాళ్ల నొప్పికి రోజూ రెండు బిళ్లలు మింగుతూనే ఉన్నాడు.

ఆడవాళ్లిద్దరూ ఫైలు విప్పారు. కొడుకు కాగితాల్లో చూసి చూసి గుర్తుపట్టిన ఆ ఇంగ్లీషు మాటను మరిడమ్మ ఒక్కో రిపోర్టులో వేలితో చూపించింది. ఒకటి పాయింటు ఎనిమిది. రెండు పాయింటు నాలుగు. మూడు పాయింటు ఒకటి.

"అంకెలు నాకొచ్చు కదప్పా..." అంది ఈశ్వరి, పెరుగుతూ వచ్చిన ఆ మూడింటినీ మళ్లీ వేలితో తడుముతూ.

లోపలికి వెళ్లగానే ఈసారి ఆమే నోరు విప్పింది. "బాబూ, ఈయన పెయిన్ కిల్లర్లు రోజూ రెండేసుకుంతన్నాడు. క్రియాటినిన్ అందుకే పెరిగిందా?"

పొద్దుట్నుంచి వందమందిని చూసి అలిసిపోయిన డాక్టరు తల ఎత్తాడు. "రోజూనా? అదీ ఒక కారణమేనమ్మా. ఇవాళే ఆపేయండి. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకుందాం. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు."

తిరుగు బస్సులో జగన్నాధం నీరసంగా నవ్వాడు. "ఈ వయసులో నీకు సదువేటే?"

"నువ్వు నొప్పి ఓర్సుకో. నాను సదువు ఓర్సుకుంతాను."

ఆ సాయంత్రం ఫైలు దేవుడి దగ్గరకు వెళ్లలేదు. ఈశ్వరి దాన్ని క్యాలెండరు పక్కన మేకుకు తగిలించింది. ఆ రోజు గడిలో వంకర అక్షరాలతో 'క్రియాటినిన్' అని రాసింది. వచ్చేవారం గడి ఇంకో మాట కోసం ఖాళీగా ఉంది.

డాక్టరు మాట అర్థం కాకపోతే తల ఊపకండి. అడగండి, రాసుకోండి, వారానికి ఒక్క మాటైనా నేర్చుకోండి. మన ఇంటి మనిషిని నిలబెట్టేది ఆ ఒక్క మాటే కావచ్చు.