ఎరువు గేటు దాటదు

యాదవ్వ కొంగులో ఉన్నది నాలుగు దోసిళ్ల వానపాముల ఎరువు. ఇంటి వెనక బీరపాదుకు వేసుకుందామని తీసుకుంది. ఎరువు తయారుచేసే షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజర్ వీరభద్రం ఆ కొంగు పట్టి లాగి, ఎరువంతా నేల మీద కుమ్మరించాడు. "దొంగదానా, రేపటి సంది పనికి రాకు" అన్నాడు. ఇరవై మంది ఆడవాళ్లు చూస్తూ నిలబడిపోయారు.

వాళ్లలో పెద్దదైన శంకరమ్మ నేలపాలైన ఎరువు వైపు చూసింది. పేడ ఎక్కడిది? శామీర్‌పేట చుట్టూ ఉన్న తమ కొట్టాల్లోదే. తట్టలకెత్తి మోసింది తాము, మాగబెట్టింది తాము, ఆరేళ్లుగా తొట్లు తడిపి, ఎర్రలని పిలుచుకునే ఆ వానపాముల్ని బతికించింది తాము. యజమాని రాజారావు చేతికి ఏనాడూ పేడ అంటలేదు. మరి దొంగ ఎవరు?

మర్నాడు ఎవరూ లోపలికి పోలేదు. గేటు ముందే కూర్చున్నారు. నడి వేసవి. పది గంటలకే నేల కాలుతోంది.

"నీళ్లు బంద్ జేద్దాం. రెండు దినాల్ల ఎర్రలన్నీ సస్తయ్. గప్పుడు తెలుస్తది దొరకు" అంది శైలజ, అందరిలోకీ చిన్నది.

"సచ్చేది దొర గాదు పిల్లా, ఎర్రలు" అంది శంకరమ్మ. "మన లెక్కనే రెక్కలు ముక్కలు జేసుకుంటయ్. గవేం పాపం జేసినయ్?"

"అయితే ఏం జేద్దామంటవ్ అత్తా? దండం బెట్టి లోపలికి వోదామా?"

శంకరమ్మ కూర్చోలేక లేస్తోంది, షెడ్డు వైపు చూస్తోంది, మళ్లీ కూర్చుంటోంది. అంతలో లారీ వచ్చింది. బౌరంపేట్ విల్లాల పచ్చికకు ఎరువు తీసుకుపోవాలట.

"తొట్లు తడుపుదాం" అంది శంకరమ్మ. "బస్తా ఒక్కటి గూడ గేటు దాటనియ్యద్దు. యాదవ్వను పనిల వెట్టుకునేదాంక గంతే."

యాదవ్వ ముందు నడిచింది. వీరభద్రం అడ్డం రాబోయి, వెనక వస్తున్న వాళ్లను చూసి పక్కకు జరిగాడు. వాళ్లు నీళ్లు చల్లి, తడి గోనెలు కప్పి, వచ్చి లారీ చక్రాల ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. "ఎవరే మీ లీడర్?" అన్నాడు ఎస్సై. శంకరమ్మ లేచింది. చేయి పట్టి జీపెక్కిస్తుంటే శైలజ వైపు తిరిగింది.

"పొద్దుగూకకముందే నీళ్లు సల్లుండ్రి. మస్తుగ పొయ్యకుండ్రి, మునుగుతయ్."

జీపు కదిలింది. ఇక వీళ్ల పని అయిపోయిందనుకుని జీపు వెనకే వచ్చిన రాజారావు లారీ కూలీలకు బస్తాలు ఎత్తమని సైగ చేశాడు. శైలజ గబగబా పోయి షెడ్డు తలుపుకు వేలాడుతున్న తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుంది.

"నీళ్లకైతే తీస్తం దొరా. బస్తాలకు తియ్యం."

యాదవ్వ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. తర్వాత అందరూ నిలబడ్డారు. లారీ ఖాళీగా తిరిగిపోయింది. పొద్దుగూకకముందే ఆడవాళ్లు తొట్లు తడిపి, ఆ తడి చేతులతోనే శంకరమ్మ కోసం పోలీసు ఠాణా దారి పట్టారు.