రెండు డెసిబెల్లు తక్కువ

నేను ఒక వినికిడి యంత్రాన్ని. చెవి వెనక చిక్కుడు గింజంత చోటులో ఇమిడిపోతాను. నన్ను తయారుచేసినవాళ్లు వినడమే తప్ప మాట్లాడటం నేర్పలేదు. దేనికిందైనా నలిగితే కీచుమంటాను, అంతే. మనుషులతో వేగడానికి అది ఏ మూలకు చాలుతుంది?

మదనపల్లె టమాటా మండీలో కాయలు ఏరే చెన్నమ్మ నన్ను కూతురు హంసవేణి కోసం కొన్నది. కుడి చెవి పసితనంలోనే పూర్తిగా పోయింది. ఎడమ చెవికి నేను దిక్కు. బడిలో ఆ పిల్లను 'చెవిటిది' అనేవారు. నా పుణ్యమా అని ఆ మాట స్పష్టంగా వినబడేది.

పదో తరగతి పరీక్షలో నన్ను పెట్టుకోవాలంటే వికలాంగుల సర్టిఫికెట్ ఉండాలన్నారు. తల్లీకూతుళ్లు పెద్దాసుపత్రికి వెళ్లారు. డాక్టరు నన్ను తీయించి, పాపను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు.

"రెండు చెవుల్లోనూ అరవై డెసిబెల్ల లోపం ఉండాలమ్మా. ఎడమ చెవికి యాభై ఎనిమిదే ఉండాది."

"మిషను తీస్తే నేను పిలిచినా పలకదు సార్."

"చట్టం అట్ట రాసినారు. నేనేం చేసేది?"

"అయితే ఇంగ రెండు చెడినాక రమ్మంటారా సార్?"

డాక్టరు తరువాతి పేషెంటును పిలిచాడు. బడికి చెవిటిదైన పిల్ల చట్టానికి కాకుండా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

లెక్కల పరీక్ష నాడు హాలు గుమ్మంలో ఇన్విజిలేటర్ నన్ను చూశాడు.

"చెవిలో బ్లూటూతా? తియ్."

"చెవి మిషను సార్."

"సర్టిఫికెట్ యాడ?"

హంసవేణి నన్ను తీసి ఇచ్చింది. నా స్విచ్చి ఆపడానికి కూడా ఆ పిల్లకు వ్యవధి ఇవ్వకుండా, అతను నన్ను గుమ్మం దగ్గరి ట్రేలో చేతి గడియారాల మధ్య పడేశాడు.

కాసేపటికి అతనే లేచి నిలబడ్డాడు. "ఏడో ప్రశ్నలో అచ్చు తప్పుంది. ప్లస్ కాదు, మైనస్. దిద్దుకోండి."

నేను విన్నాను. హాలంతా దిద్దుకుంది. హంసవేణి మాత్రం తలెత్తలేదు, ప్లస్‌తోనే లెక్క చేస్తోంది. ఆ పిల్లకు లెక్కలంటే ప్రాణం. నేను గడియారాల కింద నలుగుతూ కీచుమన్నాను. ఆగకుండా కీచుమన్నాను.

"ఏందిది, చెవులు చిల్లులు పడతా ఉండాయే," అంటూ ఇన్విజిలేటర్ విసుగ్గా వచ్చి నా బ్యాటరీ మూత తెరిచాడు.

ఇక నాకూ ఏమీ వినబడలేదు.