నోరు నొక్కిన మోకాలు

స్టీలు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు నా ఉద్యోగమల్లా గంటలు మోగేలా చూడటం. గ్యాసు కాస్త లీకైనా హూటరు కూయాలి. అది కూయకపోతే ఈ గవర్రాజు వచ్చి కూస్తాడని కుర్రాళ్ళు నవ్వుకునేవారు. ఒకసారి సూరన్న అనేవాడు గోల భరించలేక హూటరు మూతిలో గుడ్డ కుక్కాడు. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి గంటసేపు చెరిగేశాను. "మోత ఆపితే ప్రమాదం ఆగదురా సన్నాసీ!" అన్నాను. ఆ మాట మా ఆఫీసరుకు ఎంతో నచ్చి గోడ మీద రాయించాడు. రిటైరైన ఎనిమిదేళ్ళకు ఆ గోడకేసి తల బాదుకోవాల్సిన గతి నాకే పట్టింది.

నిరుడు కార్తీకంలో నా కుడి మోకాలి కీలు తీసి లోహపు కీలు పెట్టారు. నెలన్నరకే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి రెండు చేతులా కూరలు మోసుకొచ్చాను. ఇదంతా మా ఆవిడ తాయారు చూడాలని. ఆమె మోకాళ్ళు నావాటికంటే అధ్వాన్నం. మెట్టు మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి గానీ మేడ ఎక్కలేదు. ఆపరేషనంటే మాత్రం "చూద్దాం లెండి" అని దాటేసేది. అది భయమేనని నేను తీర్మానించేశాను. మా అమలాపురం ఆడవాళ్ళు సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోతారని నలుగురిలో చెప్పి నవ్వించేవాణ్ణి కూడా. చివరికి నన్ను చూసి జూన్ పన్నెండుకి సరేనంది. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు మధులత గారికంటే నేనే ఎక్కువ పొంగిపోయాను.

మార్చిలో నా కాలి బొటనవేలి దగ్గర పుండు పడింది. రెండు రోజులు జ్వరం. ఆ వెనకే కొత్త కీలు పెట్టిన మోకాలు వాచింది, వేడెక్కింది, పొద్దున్నే మంచం దిగనివ్వలేదు. ఈ సంగతి తెలిస్తే తాయారు తన ఆపరేషన్ మానుకుంటుంది. నా బుర్రకు తోచింది అదొక్కటే. అందుకని చెప్పలేదు. ఏదో మహాత్యాగం చేస్తున్నట్టు నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది.

టీ కొట్టు దగ్గర సూరన్న కనిపెట్టేశాడు. వాడూ రిటైరై ఇక్కడే గాజువాకలో ఉంటున్నాడు.

"ఏటి బావా, కాలు ఈడుస్తన్నావ్?"

చెప్పాను. జేబులోంచి ఒక తెల్ల బిళ్ళల అట్ట తీశాడు.

"నాను నడుం నొప్పికి ఇయ్యే ఏత్తన్నాను. రోజుకి రెండేసుకో. నీ మోకాలు నోరు మూసుకుంటాది."

వాడి నోట ఆ మాట విన్నాక కూడా నాకు హూటరు గుర్తు రాలేదంటే, నా తెలివి ఎంతటిదో మీరే చూసుకోండి. ఆ అట్ట చూపించి మందుల షాపులో చీటీ లేకుండానే కొన్నాను. అవి స్టెరాయిడ్ బిళ్ళలని అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఎక్స్‌పైరీ తేదీ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను.

మూడో రోజుకల్లా వాపు తీసింది. రెండు నెలలు మింగాను. ముఖం గుండ్రంగా, నిండుగా తయారైంది. "ఆపరేషన్ బాగా పడిందండీ మీకు" అని తాయారు మురిసిపోయింది. అది బిళ్ళలు తెచ్చిన ఉబ్బని తెలియక, నేనూ అద్దంలో చూసుకుని ఔననుకున్నాను.

మే నెలాఖరులో చేపల నూకాలు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి చేపలు తెచ్చేది ఆమే. గుమ్మంలో తట్ట దించుతూ నా పంచె వంక చూసింది.

"ఏటి బాబూ, మోకాలి కాడ ఆ తడేటి?"

"నీళ్ళు చిలికాయిలే."

"నీల్లు జిగురుగుంటాయేటి?" అంటూ చల్లటి చెయ్యి మోకాలి మీద పెట్టేసింది. "అమ్మ బాబోయ్! పెనం నాగ కాల్తంది!"

"ఎండలో కూర్చున్నాను కదే."

"ఎండ ఒక్క కాలికే తగిలిందేటి? సేప సెడిందో లేదో సెయ్యెడితే సెప్తాను, నాకా సెప్తన్నావ్? తాయారమ్మా, ఓపాలిలా రా!"

తాయారు వచ్చి పంచె పైకి లాగి చూసింది. కుట్ల మచ్చ పక్కనే చిన్న రంధ్రం పడి చీము కారుతోంది. ఆమె అప్పటికప్పుడే ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక మధులత గారు నెమ్మదిగా చెప్పారు.

"సిమెంటు తొట్టిలో పాకుడు పడుతుంది చూడండి, క్రిములు మీ లోహపు కీలు మీద అలా చేరాయి. జిగురు పొర అల్లుకుని దాని కింద బతుకుతాయి. లోహంలో రక్తం పారదు. ఒంట్లోని కాపలా కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుని అక్కడికి రావాలి. మీకొచ్చిన వాపూ వేడీ ఆ కబుర్ల వల్లే. మీరు బిళ్ళలతో వాటి నోరు నొక్కేశారు. అసలే ఆ క్రిములు మహా జాణలు. దగ్గరికొచ్చిన కాపలా కణాలను మెత్తబరచి, ఇక్కడంతా క్షేమమేనని వాటి చేతే చెప్పిస్తాయి."

నేను తల వంచుకున్నాను. రెండు నెలలుగా ఇంట్లో నేను చెబుతున్నదీ అదే.

"పొర ముదిరిపోయింది. కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టాలి. మూడు నెలలు ఆగి, క్రిములు పోయాయని తేలితే అప్పుడు కొత్తది. అంతవరకు ఆ కాలి మీద బరువు మోపకూడదు. ఆ బిళ్ళలు కూడా ఒక్కసారిగా మానకండి, నేనే తగ్గిస్తాను."

తాయారు అడిగింది. "ఆపరేషన్‌లో లోపమా డాక్టరు గారూ?"

"కాదమ్మా. బహుశా ఆ కాలి పుండు నుంచి రక్తంలో వచ్చి ఉంటుంది. ఇది నూటికి ఏ ఒకరిద్దరికో జరుగుతుంది."

"మొదటి వారంలోనే వచ్చుంటే?"

"కడిగి, మందులిచ్చి, ఆ కీలునే నిలబెట్టే వీలుండేది."

"అయితే నా తారీఖు మార్చకండి" అంది తాయారు.

డాక్టరు గారు వెళ్ళారు. తర్వాత అడిగాను, "ఇంత చూశాక కూడా నీకు భయం వెయ్యలేదా?"

"ఆపరేషనంటే నాకెప్పుడూ భయం లేదండీ. నేను మంచాన పడితే చూసేదెవరనే ఇన్నాళ్ళూ ఆగాను. నలభై ఒక్కేళ్ళలో నాకు ఒక్కసారి జ్వరమొస్తే గుక్కెడు కాఫీ ఇచ్చారా? మీ కాలు బాగుపడింది గదా, ఈసారైనా చేస్తారేమోనని ఒప్పుకున్నాను."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు మీ మీద ఆశ లేదు గదా. మా చెల్లెలు చంద్రికని రమ్మంటాను. మనిద్దర్నీ అదే చూస్తుంది."

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. బజారు సరుకులు చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

"కాఫీ నేనిస్తాను తాయారూ" అన్నాను.

"ఎలాగండీ?" అంది నా కాలి వంక చూసి. మందుల చీటీ తీసుకుని, గోడ పట్టుకుని, వరండా చివరికి నడిచింది.