గొలుసు వేసిన మందిరం

తెల్లారగానే గంటమ్మ బెంచీలు తుడిచేది, కిటికీ రెక్కలు తీసేది, దీపపు గాజులు కడిగేది. తర్వాత బయటికొచ్చి మందిరం చుట్టూ బిగించిన గొలుసు సరిగా ఉందో లేదో చూసుకునేది. రాత్రి మందిరం బాగా గుంజుకుని ఉంటే గోడల కింద సున్నం రాలి పడుండేది. "ఊరుకో తల్లీ, ఎక్కడికెళ్తావు?" అని గోడ నిమిరి, ఆ సున్నం చీపురుతో ఎత్తేది. గంట కొట్టేది ఆవిడే కాబట్టి గంటమ్మ అన్నారు. అసలు పేరు అడిగే తీరిక ఎవరికుంది?

అది నడిచే మందిరం. నడకంటే పరుగేం కాదు. శనివారం పూట చూడిగేదెలా నిదానంగా బయల్దేరి, ఏదో ఒక వీధిలో ఆగేది. ఆదివారం పొద్దున జనం వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. పాస్టరుగారు వయసులో ఉన్నప్పుడు గొడుగేసుకుని దాని పక్కనే నడిచేవారు. "పంపితే వెళ్ళేదే సంఘం" అని ప్రసంగాలు కూడా చేశారు. పోనుపోను కొత్త చెప్పులవాళ్ళకి బురద గిట్టలేదు. ఓసారి జైలు గోడ పక్కన ఆగితే సర్దుకున్నారు. ఇంకోసారి సారా కొట్టు ముందు ఆగింది. తాగినవాళ్ళు తిన్నగా వచ్చి ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాడారు. సంఘం పెద్దలకి తల కొట్టేసినట్టయింది. ఇనుపకొట్టు పెద్దాయన తన కొట్లోంచే గొలుసు తెప్పించి, తన ఇంటి ఎదురుగా మందిరాన్ని కట్టేయించాడు.

"ముందు సంఘం ఒకచోట కుదురుకోవాలి. బయటి పని తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ 'తర్వాత' అన్నది ఇంతవరకూ రాలేదనుకోండి.

తాళంచెవి మాత్రం గంటమ్మ నడుముకే కట్టించాడు, తేడా వస్తే ఆవిణ్ణి నిలదీయొచ్చని. ఓసారి ఆవిడ బజారుకెళ్తే మందిరం గింజుకుని గోడ బీటలిచ్చింది. ఆవిడ చెయ్యి తగిలితేనే అది నెమ్మదిస్తుందని తేలాక, ఇక గేటు దాటొద్దన్నారు. వెనకగది, రెండు పూటలా తిండి, అవి పోతే ఆవిడకి నిలవ నీడ లేదు. ఆ గొలుసు తన చుట్టూ కూడా ఉందని ఆవిడకి తెలుసు. ఏడుపొచ్చేది. ఏడిస్తే మందిరం ఇంకా గుంజుతుందని, ఆ ఏడుపూ మింగేసేది.

ఒక శనివారం పొద్దున బావ వచ్చాడు. బావంటే అక్క రెండో మొగుడు, తోళ్ళ వీధిలో బండి లాగుతాడు. మొదటివాడు బతికుండగానే ఇతన్ని చేసుకుందని అక్కని సంఘం వెలివేసింది. గడప తొక్కకూడదని తీర్మానం కూడా చేసింది. బావ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అక్క ఇక లేవదమ్మా. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. పోయేలోగా ఒక్కసారి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలంటోంది. నిన్నూ చూడాలంటోంది."

గంటమ్మ చీపురు అక్కడే పడేసింది. పరుగున ఆవరణలోని పాస్టరుగారి గదికి వెళ్ళింది.

"మీరే వాళ్ళింటికెళ్ళి ఇవ్వండి అయ్యగారూ. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "ఏటి అవతలి సంఘంవాళ్ళు రొట్టె సంచిలో పెట్టుకుని ఇంటింటికీ వెళ్తారమ్మా. సంఘం ఉన్నదే వెళ్ళడానికంటారు. మన పద్ధతి వేరు. పిలుస్తాం, వచ్చినవాళ్ళకి ఇస్తాం. ప్రభువు బల్ల ఇచ్చేది మందిరం కప్పు కిందే. ఆవిడేమో గడప తొక్కకూడదు. నన్నేం చెయ్యమంటావు?"

"గొడుగేసుకుని నడిచింది మీరే కదండీ?"

"అప్పుడు నేను పెద్దాయన ఇచ్చిన ఇంట్లో ఉండేవాణ్ణి కాదు," అన్నారాయన నెమ్మదిగా. పాపం, అబద్ధమైతే ఆడలేదు.

"కప్పు కిందైతే ఇస్తారా? అక్క గడప తొక్కకుండానే?"

"అదెలా కుదురుతుంది?"

"ఇస్తారా, లేదా?"

"ఇస్తాను."

గంటమ్మ వెళ్ళి తాళం తీసింది. రేపట్నుంచి ఎక్కడ పడుకోవాలా అని భయం వేసింది, ఎందుకు వెయ్యదు? గొలుసు జారి నేలమీద పడింది. మందిరం కదల్లేదు. కట్టు అలవాటైపోయిందేమో అనుకుంది ఆవిడ. గోడమీద రెండు చేతులూ వేసి, "తోళ్ళ వీధి, తల్లీ," అంది.

అప్పుడు కదిలింది. గేటుని ఒక్క నెట్టు నెట్టి వీధిలోకి దిగింది. బావ ముందు నడుస్తూ "తప్పుకోండి, తప్పుకోండి!" అని అరిచాడు. "హమ్మయ్య, మళ్ళీ బయల్దేరిందిరోయ్!" అంటూ జనం సైకిళ్ళు పక్కకి తీశారు. ఇనుపకొట్టు పెద్దాయన సగం గీసుకున్న గడ్డంతో, సబ్బు నురగతో వెనకాల పరుగెత్తాడు. పాస్టరుగారు ద్రాక్షరసం గిన్నె, రొట్టె పట్టుకుని ఆయన వెనకాల.

తోళ్ళ వీధిలో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు గబగబా లాగేశారు. గాలి కోసమని అక్క మంచం వాకిట్లోనే వేసుంది. మందిరం దాని దగ్గరికొచ్చి, నిద్రపోతున్న పిల్లని లేపకుండా అమ్మ దుప్పటి కప్పినట్టు, మెల్లగా మంచం మీదుగా జరిగింది. గుమ్మం మంచాన్ని దాటేసింది. మంచం బెంచీల మధ్య నిలిచింది.

"గడప! తీర్మానం!" అని వగరుస్తూ అరిచాడు పెద్దాయన.

"ఆవిడ కదలనేలేదండీ. గడపే ఆవిడ దగ్గరికొచ్చింది," అన్నారు పాస్టరుగారు. గిన్నె గుండెకి ఆనించుకుని పెద్దాయన వైపు తిరిగారు. "మీ ఇల్లు రేపు ఖాళీ చేసేస్తాను లెండి."

"మీరూ లోపలికి రండి బాబూ, బయట ఎండగా ఉంది," అన్నాడు బావ పెద్దాయనతో. ఆయన గడపమీదే ఉండిపోయాడు, చెంప మీద నురగ ఆరిపోతుంటే.

పాస్టరుగారు మోకాళ్ళమీద కూర్చుని రొట్టె విరిచి అక్క నోట్లో పెట్టారు. గంటమ్మ ఆవిడ తల ఎత్తి పట్టుకుంటే ద్రాక్షరసం రెండు గుక్కలు మింగింది. చెల్లెలి చెయ్యి వదల్లేదు. పైన కప్పు దూలాలని చాలాసేపు చూసింది.

"నన్ను లోపలికి రానిచ్చారా?" అని అడిగింది.

"లేదక్కా," అంది గంటమ్మ. "మేమే బయటికొచ్చాం."