వినపడని మిడతపిట్ట

ఊళ్లో పిట్టలు చూసేవాళ్ల బృందానికి ఆయన మాటే చివరి మాట. ఎప్పుడూ రాని పిట్ట వచ్చిందని ఎవరన్నా, ఆయన వెళ్లి అవునంటేనే అవును. అందుకే అందరూ జడ్జిగారని పిలిచేవారు. నిజానికి ఆయన గడియారాలు బాగుచేస్తాడు. భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్లైన కొత్తలో ఆదివారం సినిమాకి తీసుకెళ్తాడనుకుంటే చిత్తడినేలకి తీసుకెళ్లాడు. అప్పటినుంచీ ఆమె చెప్పులకి బురద వదలలేదు.

ఆమె తమ్ముడు బ్యాంకులో గుమాస్తా. ఈ పిచ్చిలోకి కొత్తగా దిగాడు. ఓ సాయంత్రం రొప్పుతూ వచ్చాడు.

"బావా, మిడతపిట్ట! నీళ్ల ప్లాంటు వెనక రెల్లులో ఉంది. నువ్వొచ్చి చూడాలి."

"ఏదీ, మిడతేనా, పిట్టేనా?" అని నవ్వాడు జడ్జిగారు. నవ్వాడు గానీ కళ్లు మెరిశాయి. ఆ పిట్ట అటువైపు కనబడి ఏళ్లయింది. గోధుమరంగు, పిడికెడు కూడా ఉండదు, గడ్డి అడుగున ఎలుకలా పాకుతుంది. కంటికి దొరకదు. మిడత రొదలాంటి సన్నని కూత ఒక్కటే దాని ఆచూకీ.

తెల్లవారి ముగ్గురూ వెళ్లారు. రెల్లు గట్టున నిలబడగానే ఆమెకి వినపడింది. సన్నగా, ఆగకుండా, గడియారానికి కీ ఇస్తున్నట్టు. తమ్ముడు పొంగిపోయి బావ చెయ్యి పట్టుకున్నాడు.

"అదిగో బావా, కూస్తోంది!"

జడ్జిగారు చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాడు. "ఏం లేదురా. కీచురాయి కూడా లేదిక్కడ. అంతా నిశ్శబ్దం."

ఆమె రెల్లు వైపు మళ్లీ చెవి ఒగ్గింది. కూత ఇంకా మోగుతూనే ఉంది మరి.

"అక్కా, నువ్వు చెప్పు!" అన్నాడు తమ్ముడు.

భర్త ముఖం చూసింది. ఆ ముఖంలో ఏ అనుమానమూ లేదు. "నాకూ సరిగ్గా తెలియలేదురా," అంది. తమ్ముడి ముఖం చిన్నబోయింది. వాళ్లకోసం ఆగకుండా ముందే ఇంటికెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమెకి ఏ పనీ తోచలేదు. ఈమధ్య కేటిల్ ఈలవేసినా ఆయన లేవకపోవడం, పిలిస్తే రెండోసారికి గానీ పలక్కపోవడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పరధ్యానం అనుకుని విసుక్కుంది కూడా. టీ పట్టుకుని కొట్టు గదిలోకి వెళ్లింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని ఒక పాత గడియారం మీద వంగి ఉన్నాడు. మోచేతి పక్కనే బాగుచేసిన డిజిటల్ వాచీ పీప్, పీప్ మని అదేపనిగా మోగుతోంది. ఆయన తల ఎత్తలేదు.

ఆమె కప్పు కిందపెట్టి, వాచీ తీసి మీట నొక్కి ఆపింది. ఆయన భూతద్దం తీసి, ముందు వాచీ వంక, తర్వాత ఆమె వంక చూశాడు.

"మోగుతోందా?"

"ఊఁ."

"ఎంతసేపటినుంచి?"

"నేను వచ్చినప్పటినుంచీ."

ఆయన వాచీని చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా, "పొద్దున పిట్ట కూడా?" అన్నాడు.

"అది కూడా. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేకపోయాను."

"నన్ను కాపాడబోయి తమ్ముణ్ణి అబద్ధాలకోరుని చేశావన్నమాట," అన్నాడు. కోపంగా కాదు. ఆమెకి కళ్లు చెమర్చాయి. ఆయన టీ సగం తాగి, మిగతా సగం ఆమె చేతిలో పెట్టాడు. "మీవాడికి ఫోన్ చెయ్యి. రేపు మళ్లీ వెళ్దాం."

మర్నాడు తమ్ముడు మూతి ముడుచుకునే వచ్చాడు. గట్టు మీద జడ్జిగారు భార్య ముందు మణికట్టు చాచాడు.

"కూస్తున్నంతసేపూ వేలితో నొక్కి పట్టుకో. గట్టిగా వినపడితే గట్టిగా, తగ్గితే మెల్లగా. కీచురాయి అయితే ఒకే తీరుగా ఉంటుంది. పిట్ట అటూ ఇటూ తల తిప్పుతుంది కాబట్టి కూత పెరిగి తగ్గుతుంది."

ఆమె నొక్కింది, సడలించింది, మళ్లీ నొక్కింది. ఆయన కళ్లు మూసుకుని లెక్కలు కట్టేవాడిలా తల ఊపుతున్నాడు.

"పిట్టే," అన్నాడు. "ఏవైపు?"

ఆమె రెండో చెయ్యి చూపించింది. ఆయన బైనాక్యులర్స్ అటు తిప్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక రెల్లుపుల్ల కదిలింది. వీపు మీద ముదురు చారలు, గుండ్రటి వెడల్పు తోక, తెరిచిన చిన్న నోరు.

"మిడతపిట్టే! వంద శాతం!"

తమ్ముడు ఆమె భుజం మీంచి తొంగిచూసి, "నిన్న నిశ్శబ్దం అన్నావుగా బావా?" అన్నాడు, ఇంకా బింకంగానే.

"నిన్న నాకు వినపడలేదురా. చెవులు పోతున్నాయి నాకు. పిట్ట నీది. అందరికీ నేనే చెప్తాను."

తమ్ముడి బింకం ఎటుపోయిందో! బావ చేతిలోని బైనాక్యులర్స్ దుమ్ము లేకపోయినా తుడిచి ఇచ్చాడు. తర్వాత అక్క పక్కకి జరిగి, ఆమెకి మాత్రమే వినపడేట్టు, "నిన్న చెప్పి ఉంటే నేనే ఊరుకునేవాణ్ణి కదే," అన్నాడు.

అన్నట్టుగానే ఆ వారం బృందం కలిసినప్పుడు ఆయన లేచి చెప్పాడు. ఇకమీద సన్నని కూతల విషయంలో తన మాట ఒక్కటే చాలదని, ఇంటావిడ కూడా వినాలని అన్నాడు. చెవుల డాక్టరు మిషను ఇచ్చాడు. పెట్టుకున్న మొదటిరోజు పేపరు తిప్పిన చప్పుడుకే ఉలిక్కిపడి, "ఇంత గోలలో ఎలా బతుకుతున్నారే మీరంతా!" అని విసుక్కుంటే ఆమె పడిపడి నవ్వింది.

ఇప్పటికీ రెల్లు గట్టుకి వెళ్లగానే ఆయన ఆ మిషను తీసి జేబులో వేసుకుంటాడు. గాలి చప్పుడు ఎక్కువట. మణికట్టు మాత్రం ఆమె వైపు చాస్తాడు.