రెండూ బాగున్నాయి

ఏళ్ల తరబడి కుందా ఒంటిని చూసి నవ్విన తమ్ముడి కుటుంబానికి ఇప్పుడు ఆ ఒంట్లోంచి ఒక ముక్క కావలసి వచ్చింది. తమ్ముడు విద్యాధర్ గోరేకి రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు డయాలిసిస్‌కు వెళ్లి, పిండేసిన గుడ్డలా ఇంటికి వస్తున్నాడు. ఎవరో ఒకరు కిడ్నీ ఇస్తే తప్ప ఎంతోకాలం నెట్టుకురాలేడని డాక్టర్లు తేల్చేశారు.

అడగటానికి అతను రాలేదు. భార్య ఉజ్వలను పంపాడు. అదే ఊళ్లో నారాయణ్ పేఠ్ అనే పేటలో కుందా అద్దెకుండే మూడో అంతస్తు గదికి మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా ఉజ్వల గుమ్మం పట్టుకుని నిలబడింది. కుందా కంటే పదేళ్లు చిన్నది ఆవిడ. చేతిలో డబ్బా, డబ్బాలో నెయ్యి కారుతున్న పూరణ్ పోళీ బొబ్బట్లు. ఆ ఇంటి నుంచి కుందాకు తినుబండారం రావడం అదే మొదలు. వాళ్లు ఊరికే పెట్టే రకం కాదని కుందాకు తెలియనిదేమీ కాదు.

ఉజ్వల సంగతంతా ఏకరువు పెట్టింది. తనకు షుగరు, కాబట్టి పనికిరాదు. వరసకు మరిది అయ్యే అతనికి గుండెలో స్టెంటు వేశారు. కొడుకు ఓంకార్ రక్తం సరిపోతుంది గానీ, పెళ్లి కావలసినవాడు, ఒంటి కిడ్నీ వాడికి పిల్లనెవరిస్తారు? ఇక మిగిలింది సొంత అక్క. ఇన్నేళ్లూ ‘ఆవిడ’ అన్న నోటితోనే ఇప్పుడు అక్కా అన్నట్టుగా తాయీ అని పిలిచింది.

“మీకైతే మొగుడా, పిల్లలా తాయీ,” అంది ఉజ్వల. “పైగా రోజూ యోగా చేస్తారు. మీకేమవుతుంది? ఒకటి తీసినా మిగిలినదానికి రెండింటి బలముంటుంది.”

కుందా డబ్బా మూత పెట్టి ఆవిడ ఒళ్లోకే తోసింది. పరీక్షలకు మాత్రం వస్తానంది.

అసలు ఆ యోగాభ్యాసం మొదలుపెట్టింది సరదాకి కాదు. పుట్టిన దగ్గర్నుంచీ కుందాకు ఉబ్బసం. పెళ్లిచూపుల్లో అటుకుల పోహే పళ్లెం పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, రొమ్ములోంచి పిల్లికూతలు వినిపించేవి. వచ్చినవాళ్లు పోహే తిని పోయేవారు. చిన్నప్పుడు ఆమెకు ఊపిరందకపోతే, చిన్నవాడైన విద్యాధర్ పక్కన కూర్చుని వీపు రాసేవాడు. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది.

టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక ఆమె దగ్గర్లోని యోగశాలలో చేరింది. అక్కడి గురువు ముక్కోపి. భుజం మీద చెయ్యి వేశాడంటే ఎముక మాట వినాల్సిందే. ఇటుకలు, పట్టీలు, గోడ కొక్కేలకు కట్టిన తాళ్లు పట్టుకుని ఆమె తెల్లవారకముందే వంగేది, వేలాడేది, తిట్లు తినేది. కొన్నాళ్లకు ఒక చలికాలం మొత్తం మందు పీల్చే గొట్టం సొరుగులోంచి తీయకుండానే గడిచిపోయింది. ఇప్పుడు అరవైకి దగ్గరపడింది. నడుం వంగలేదు, మోకాలు మూలగలేదు, నేలమీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తుంది. యోగం చేస్తే చావే రాదని ఆమె ఏనాడూ ఎవరితోనూ అనలేదు. ఒళ్లు చెప్పినట్టు వింటుంది, అంతే. ఆ ‘అంతే’ విలువెంతో, ఒళ్లు మాట విననివాడిని అడగాలి.

సదాశివ్ పేఠ్‌లోని తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు వెనకగది గోడకు తనూ కొక్కేలు కొట్టించుకుంది. తల్లకిందులుగా వేలాడే అక్కను విద్యాధర్ స్నేహితులకు పిలిచి చూపించేవాడు. గబ్బిలమని పేరు పెట్టాడు. తనకు పెళ్లి కుదిరాక, ఒకరోజు ఆమె ఆఫీసుకు వెళ్లిన సమయం చూసి, కొక్కేలు పీకించి, సిమెంటు పూయించి, సున్నం కొట్టించాడు. అడిగితే, వియ్యాలవారు చూసి ఉరితాళ్లనుకుంటారని నవ్వాడు. మొగుడు దొరకనివాళ్లు వేసే వేషాలివన్నీ అని తల్లి ముందే అన్నాడు. తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ నెలలోనే కుందా ఇల్లు వదిలింది. ఇన్నేళ్లలో అతను ఆమె గది మెట్లెక్కలేదు.

అలాంటప్పుడు పరీక్షలకు ఎందుకు ఒప్పుకున్నట్టు? జాలిపడి కాదు. తన ఒళ్లు ఎలాంటిదో డాక్టర్లు పైకి చదువుతుంటే తమ్ముడు కూర్చుని వినాలని. కుందా మంచిదని ఈ కథలో ఎవరూ అనడం లేదు.

విన్నాడు కూడా. రక్తపోటు, చక్కెర, గుండె, ఊపిరితిత్తులు, అన్నీ చూసి, ఈ వయసులో ఇలాంటి రిపోర్టులు అరుదని పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు. కుందా తమ్ముడి వైపే చూస్తూ కూర్చుంది. ముఖం ఉబ్బి, చేతి నరాలు తాళ్లలా పైకి తేలి, అతను నేలచూపులు చూస్తున్నాడు. ఉజ్వల గోడమీది గణపతి పటానికి దండం పెట్టింది గానీ కుందా వైపు తల కూడా తిప్పలేదు. ముప్పై ఏళ్లు సర్కస్ అనిపించుకున్న ఒళ్లు ఒక్క పూటలో ఉమ్మడి ఆస్తి అయిపోయింది. అప్పుడే ఆపరేషన్ ఏ వారమో మాట్లాడేసుకుంటున్నారు.

తర్వాత బాపట్ అనే డాక్టరమ్మ కుందాను ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది. ఇచ్చేవాళ్లందరితోనూ ఇలా విడిగా మాట్లాడటం రివాజు.

“మనస్ఫూర్తిగా ఇస్తున్నారా? ఇష్టం లేకపోతే నాకు చెప్పండి, ఈ గది దాటదు. మీ ఒంట్లో ఏదో లోపం కనిపించింది, పనికిరారు అని మేమే చెప్పేస్తాం. మీ మీదికి మాట రాదు.”

కాదనాలనే కుందా వచ్చింది. ఆ దారి ఇంత నున్నగా దొరుకుతుందనుకోలేదు. తల ఊపితే చాలు. ఊపబోయింది. అంతలో ఉజ్వల ఫోనందుకుని పేఠ్ పేఠ్‌కూ చెప్పబోయే మాట చెవుల్లో మోగింది. అన్నేళ్లు గబ్బిలంలా వేలాడి ఏం బావుకుందమ్మా, లోపలంతా పుచ్చేనట! విద్యాధర్ ఆ మాట విని, డయాలిసిస్ మంచం మీదే నవ్వుకుంటాడు. పోనీ ఇచ్చేస్తే? ఇస్తే రేపటినుంచి ఆమె దేవత, ఎల్లుండినుంచి మళ్లీ గబ్బిలం. వీపు రాసిన చిన్న చెయ్యి ఒకసారి గుర్తొచ్చింది. సిమెంటు పూయించిన చెయ్యీ అదేనని వెంటనే గుర్తొచ్చింది.

“వద్దు డాక్టర్,” అంది. “నన్నేమన్నా అనుకోనివ్వండి. నా ఒంటికి వంక పెడితే ఊరుకోను.”

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఓంకార్‌తో సహా ముగ్గురూ బెంచీ మీద ఉన్నారు. ఉజ్వల అప్పటికే నవ్వు ముఖంతో లేచింది.

“రెండూ బాగున్నాయి. ఇవ్వను,” అంది కుందా.

కాసేపటికి గానీ ఆ మాట వాళ్లకు ఎక్కలేదు. ఎక్కాక ఉజ్వల వరండా అంతా వినేలా శాపనార్థాలు పెట్టింది. పోయేటప్పుడు కట్టుకుపోతావా అంది, గొడ్రాలి గుండె అంది, తోడబుట్టినదానివేనా అంది. ఓంకార్ ముఖం పాలిపోయింది. వరుసలో తర్వాత ఎవరున్నారో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. విద్యాధర్ చెయ్యెత్తి భార్యను ఆపాడు. చాలా ఏళ్ల తర్వాత అక్క ముఖంలోకి చూశాడు.

“ఎవరికీ అక్కరకు రాని ఈ ఆరోగ్యం ఎందుకు తాయీ?”

“నాకు,” అంది.

ఇంటికి నడిచే వెళ్లింది. ఇవాళ ముద్ద దిగదనుకుంది. పొద్దుటినుంచి పరీక్షల కోసం పస్తుండటంతో ఆకలి కరకరలాడింది. పప్పు కలిపిన వరణ్ అన్నం పెట్టుకుని, మళ్లీ పెట్టుకుని తినేసింది. నిద్ర పట్టదనుకుంది. చాప మీద ఒరిగిందో లేదో కన్ను మూతపడింది. తెల్లారి లేచి కాళ్లు చాపుకుని ముందుకు వంగుతూ, ఎక్కడో ఒకచోట పట్టేస్తుందని ఎదురుచూసింది. నడుం పట్టలేదు, గుండె దడదడలాడలేదు, నుదురు వెళ్లి మెత్తగా మోకాళ్లకు ఆనింది. అవతల పేఠ్‌లో తమ్ముణ్ణి డయాలిసిస్ సూది కిందికి తీసుకెళ్లే వేళయింది. ఇన్నేళ్లు తాను కన్నబిడ్డలా సాకిన ఒళ్లు, అతణ్ణి కాదన్న మర్నాడు కూడా హాయిగా ఉంది. దాని మీద ఆమెకు అసహ్యం పుట్టింది.